ఉస్తాద్ కట్టిన పాటలు

నిన్న పొద్దున గుడిమల్కాపూర్ పూల మార్కెట్ ముందర ఒక తెల్లకారు వెనక్కి వస్తూ పాట అందుకుంది. బంతిపూల సంచీతో నేను సరిగ్గా దాని వెనకే ఉన్నాను. పక్కకు జరగాలని తెలుసు, జరగలేదు. డ్రైవరు తల బయటపెట్టి "ఏం పెద్దాయనా, చెవుడా?" అని అరిచాడు. చెవుడేం కాదు నాయనా. ఆ పాట వినబడగానే ఒక మనిషి ఎక్కడినుంచో ఊడిపడి, నీ కారు డిక్కీ మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి, నీ సంగతి కనుక్కోవాలి. ఇరవై ఏళ్ళుగా నేను చూసిన తంతు అది. ఆయన కోసమే ఆగాను. ఆయన పోయి రెండు నెలలైందని గుర్తొచ్చాక తప్పుకున్నాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. జీవితమంతా ఆయన వాయించిన పాటల పేర్లే ఎవరికీ తెలియవు, ఆయన పేరు మాత్రం తెలుసుకుని ఏం చేస్తారు? యాకుత్‌పురా స్టేషన్ చుట్టుపక్కల ఆయన పెళ్ళి బ్యాండు మాస్టర్. ఇంట్లో వాళ్ళు కూడా మాస్టర్ అనే పిలిచేవాళ్ళు. చర్చి రిజిస్టరులో ఏదో పేరు ఉండే ఉంటుంది.

ఊరేగింపులో లోకమంతా ముందుకు నడిస్తే ఆయనొక్కడు వెనక్కి నడిచేవాడు. ముఖం బ్యాండు వైపు, వీపు దారి వైపు, నోట్లో క్లారినెట్. మా గల్లీల్లో ఏ మోరీకి మూత లేదో, ఏ మూల కేబుల్ వాళ్ళు తవ్వి వదిలేశారో ఆయన మడమలకు తెలుసు. నేను కళ్ళజోడు పెట్టుకుని ముందుకు నడుస్తూ రెండుసార్లు పడ్డాను. ఆయన వెనక్కి నడుస్తూ ఒక్కసారి కూడా తూలలేదు. ఎర్రకోటు భుజాల మీద జరీ కుచ్చులు ఉండేవి. కుడి భుజానిది ఎప్పుడో ఊడిపోయింది. కుట్టించుకోమంటే "అందరు పిల్లనే చూస్తరు, నా భుజం ఎవరు చూస్తరు" అనేవాడు. క్లారినెట్‌కు నోటి దగ్గర పెట్టుకునే ముక్కను జేబురుమాలులో చుట్టి గుండె జేబులో పెట్టుకునేవాడు. పెళ్ళికూతురి కారు కదిలేదాకా మెతుకు ముట్టడు. వడ్డించే వాళ్ళు బతిమాలినా సరే, "నోట్ల పలావు పెట్టుకోని పిల్లను సాగనంపుతమా?" అని కసిరేవాడు.

సినిమా పాటలు అందరు మాస్టర్లూ వాయిస్తారు, ఈయనా వాయించేవాడు. కానీ ఈయన దగ్గర మాత్రమే ఉన్నవి మూడు పాటలు. పెళ్ళికొడుకు హాలు గేటు దగ్గరకు రాగానే వాయించేది గేటు పాట, హుషారుగా గంతులు వేస్తుంది. భోజనాల దగ్గర వాయించేది పంక్తి పాట, ఊగుతూ తిరుగుతుంది. కారెక్కించేటప్పుడు వాయించేది అప్పగింతల పాట. అది నెమ్మదిగా లేస్తుంది, లేస్తూ లేస్తూ గొంతు పట్టుకుంటుంది. పెట్టిన పేర్లు ఆయనవే. ఆ పాటలు మీకూ తెలుసు. లిఫ్టులో విన్నారు, టూత్‌పేస్టు ప్రకటనలో విన్నారు, పిల్లల ఆటబొమ్మ పొట్ట నొక్కితే విన్నారు. ఏం పాట అది అని అడిగితే మాత్రం తల గోక్కుంటారు. మేమూ అంతే. చిన్నప్పటినుంచి వింటున్నాం కాబట్టి, మా గల్లీతో పాటే పుట్టాయనుకున్నాం.

మాస్టర్ తల గోక్కునేవాడు కాదు. ఆయనకు సందేహమే లేదు.

"మా ఉస్తాద్ కట్టిన పాటలు గివి" అనేవాడు. "లోకమంత దొంగలు పడ్డరు."

ఉస్తాద్‌ను నేను చూడలేదు. రైలు గేటు అవతలి గల్లీలో ఉండేవాడట. నిజాం జమానాలో ఫౌజు బ్యాండులో వాయించినవాడి దగ్గర నేర్చుకుని, తర్వాత పెళ్ళి బ్యాండు పెట్టుకున్నాడట. పదహారేళ్ళ వయసులో మాస్టర్ ఆయన దగ్గర చేరాడు. ఉస్తాద్‌కు కొడుకుల్లేరు. పోయేముందు మాస్టర్ తలమీద చెయ్యి పెట్టి, "బేటా, నా సొంతానికి ఇవి మూడే ఉన్నయ్. నేను కట్టినవి. చెడగొట్టకు, నా పేరు నిలబెట్టు" అన్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు మాస్టర్ తెలియకుండానే తన తల తడుముకునేవాడు. అప్పటికి ఆ తల మీద జుట్టు కూడా లేదు.

పేరు నిలబెట్టడమంటే మాస్టర్ లెక్కలో చాలా సులువు. పాట వాడుకునేవాడు ముందుగా ఉస్తాద్ పేరు చెప్పాలి. అంతే. ఇంతకంటే ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. కానీ అది అడగకుండా ఎవరినీ వదల్లేదు.

మా గల్లీలో కారు రివర్స్ అయితే వచ్చేది గేటు పాట. ఒకసారి కొత్త కారు కొనుక్కున్న కుర్రాణ్ణి నా ఎదురుగానే పట్టుకున్నాడు.

"బంద్ చెయ్. ఎవర్నడిగి పెట్టినవ్ గీ పాట?"

"నేను పెట్టలే అంకుల్, కంపెనీకెల్లే వచ్చింది."

"కంపెనీకి చెప్పు. మా ఉస్తాద్ పేరు చెప్పి వెనక్కి పొమ్మను."

"రివర్స్ గేర్ వేసినప్పుడల్లా పేరు చెప్పాల్నా?"

"ఎన్నిసార్లు వేస్తే అన్నిసార్లు చెప్పు. నోరు అరుగుతదా?"

కుర్రాడు చెప్పాడు. చెప్పకపోతే కారు కదలనివ్వడని చూస్తున్నవాళ్ళు సైగ చేశారు.

ఒక బ్యాంకుకు ఫోన్ చేస్తే, దయచేసి వేచి ఉండండి అన్నాక వచ్చేది పంక్తి పాట. ఆయనకు ఆ బ్యాంకులో ఖాతా లేదు. అయినా వారానికొకసారి ఫోన్ చేసేవాడు. స్పీకర్ పెట్టి, కళ్ళు మూసుకుని, ఎక్కడ తప్పు వాయించారో లెక్క పట్టేవాడు. అవతల అమ్మాయి పలికితే ఆయనకు కోపం. "నువ్వు జర ఆగు బిడ్డా, పాట ఖతం కానీ" అనేవాడు. ఆ అమ్మాయి మీ మొబైల్ నంబరు చెప్పండి సార్ అంటే, "నంబరు కాదు, పేరు చెప్తున్న రాసుకో" అని ఉస్తాద్ పేరు అక్షరం అక్షరం విడగొట్టి చెప్పేవాడు. ఫోన్ పెట్టేసి నావైపు తిరిగి, "మంచి పిల్ల, రాసుకున్నది" అని మురిసిపోయేవాడు.

ఇక నా సంగతి చెప్పాలి. చెప్పకపోతే తప్పు మొత్తం ఆయన నెత్తికే పోతుంది.

నేను కంచన్‌బాగ్‌లో లోహాలు తయారుచేసే చోట ముప్పై ఒక్క ఏళ్ళు తనిఖీ పని చేసి రిటైరయ్యాను. కడ్డీ వెంట్రుకవాసి లావున్నా రిజెక్ట్ అని ముద్ర కొట్టి పక్కన పడేయడం నా పని. ఉద్యోగం అయిపోయింది కానీ ముద్ర నా నోట్లోనే ఉండిపోయింది. పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి వచ్చినవాళ్ళకు ముందు అందులో అచ్చుతప్పులు చూపించి, తర్వాత కూర్చోమంటాను. మా గల్లీలో కొత్త బోర్డు పెట్టుకున్న ఏ దుకాణదారుడూ నన్ను టీకి పిలవడు. మాస్టర్ మాత్రం నన్ను "ఇన్‌స్పెక్టర్ సాబ్" అని పిలిచేవాడు. తెలియనివాళ్ళు పోలీసులనుకుని లేచి నిలబడేవాళ్ళు. మా ఇద్దరికీ అది బాగానే ఉండేది.

ఒకరోజు వచ్చి, "సాబ్, ఇంగ్లీషుల ఒక అర్జీ రాసియ్యి. బ్యాంకోళ్ళకొకటి, కార్ల కంపెనీకొకటి. ఉస్తాద్ పాటలు వాడుకుంటున్నరు, పేరు చెప్తలేరని" అన్నాడు.

పరిశీలించనిదే సంతకం పెట్టే అలవాటు నాకు లేదు కదా. ఆయన మధ్యాహ్నం ఇంట్లో సాధన చేసుకుంటుంటే మా అమ్మాయిని తీసుకెళ్ళి పక్కన కూర్చోబెట్టాను. పాట వింటే పేరు చెప్పే ఏదో యంత్రం ఈ రోజుల్లో ఫోన్లోనే ఉందట. మా అమ్మాయి ఫోన్ అలా చూపించింది. గట్టిగా పది అంకెలు లెక్కపెట్టేలోపు, నలభై ఏళ్ళుగా మా గల్లీలో ఎవరికీ తెలియని సంగతి తెరమీద పడింది. మూడు పాటలకూ మూడుసార్లు పడింది. నోరు తిరగని పేర్లు. అందులో నాకర్థమైన ముక్క ఒక్కటే: ఇటలీ.

నేను అక్కడితో ఆగానా? వారం రోజులు కూర్చుని చదివాను. ఒకే పెద్దమనిషి కట్టిన మూడు నాటకాల్లో పాటలవి. గేటు పాట ఆడవాళ్ళకు నిలకడ ఉండదని ఒక షోకిలా దొర వెక్కిరిస్తూ పాడేది. మా వాళ్ళు మాత్రం నలభై ఏళ్ళుగా దానికి హారతి పళ్ళేలు పట్టుకుని ఎదురువెళ్తున్నారు. పంక్తి పాట తాగేవాళ్ళు గ్లాసులు ఎత్తుకుని పాడేది. చర్చి విందుల్లో కూడా మాస్టర్ దాన్ని భక్తిగా వాయించేవాడు, పాస్టరు అయ్యగారు తల ఊపుతూ తినేవారు. అప్పగింతల పాట ఒక్కటే వేరు. బందీలై పరాయి దేశంలో పడ్డవాళ్ళంతా కలిసి, పుట్టిన నేలను తలచుకుని పాడేది. అది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. కానీ తప్పు పట్టుకున్న సంబరం ముందు ఆ జలదరింపు ఎంతసేపు నిలుస్తుంది?

అయినా వెంటనే చెప్పలేదు. రెండు నెలలు దాటవేశాను. అది నా మంచితనమని చెప్పుకుంటాను, ఎవరైనా నమ్మితే.

స్టేషన్ ముందరి ఇరానీ హోటల్లో ఒక సాయంత్రం, బ్యాండు వాళ్ళు నలుగురు చుట్టూ కూర్చుని ఉండగా మాస్టర్ గట్టిగా అడిగాడు.

"సాబ్, అర్జీ ఏమాయె? నీ ఇంగ్లీషు తక్కువపడ్డదా ఏంది?"

నలుగురూ నవ్వారు. నన్ను ఏమైనా అనొచ్చు, నా ఇంగ్లీషును అనకూడదు. ఫోన్ తీసి టేబుల్ మీద చాయ్ కప్పుకు ఆనించి నిలబెట్టాను.

పెద్ద వేదిక. చింపిరి బట్టల్లో వందమంది దాకా నేలమీద కూర్చుని ఉన్నారు. అప్పగింతల పాట మొదలైంది. మాస్టర్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చివరిదాకా విన్నాడు. చాయ్ మీద మీగడ కట్టింది.

"మస్తు పాడిన్రు" అన్నాడు. "ఎన్నేండ్ల కిందటిది?"

"నూటయాభై ఏండ్లు దాటింది. మీ ఉస్తాద్ తాత కూడా పుట్టి ఉండడు."

ఆయన ఆ ఫోన్‌ను టేబుల్ మీద బోర్లించాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"అంటే ఉస్తాద్ నా నెత్తిమీద చెయ్యి పెట్టి ఝూట్ చెప్పిండా?"

ఏదైనా అనొచ్చు. తెలియదు అనొచ్చు. దగ్గు తెచ్చుకోవచ్చు. నేను "చెప్పిండు" అన్నాను. రిజెక్ట్.

టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. చాయ్ అలాగే ఉంది. నలుగురిలో పాతవాడు, పెద్ద డ్రమ్ము వాయించే ముసలాయన, నావైపు చూసి, "నీకేమొచ్చింది సాబ్?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. నిజం చెబితే నాకేదో రావాలా? ఇంటికొచ్చి అదే మాట మా ఆవిడతో అంటే ఆమె కూడా డ్రమ్ము ఆయన పక్షమే పట్టింది.

ఆ తర్వాత పెళ్ళిళ్ళలో మాస్టర్ మూడు పాటలూ మానేశాడు. గేటు దగ్గర సినిమా పాట, భోజనాల దగ్గర సినిమా పాట. వాటిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అప్పగింతల దగ్గర వచ్చింది లొల్లి. మా దిక్కు ఒక పద్ధతి ఉంది: ఆ పాట సగానికి వచ్చి పైకి లేస్తుంది చూడండి, అక్కడ తల్లి ఏడుపు అందుకుంటుంది, ఆ తర్వాత మేనత్తలు, ఆ తర్వాత మిగతావాళ్ళు. పాట ఆగితే ఏడుపు ఆగుతుంది, కారు కదులుతుంది. ఇప్పుడు పాట లేదు. మొదటి పెళ్ళిలో ఆడవాళ్ళంతా కొంగులు చేతిలో పట్టుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పెళ్ళికూతురి నాయనమ్మ కారుకు అడ్డంగా నిలబడింది.

"మాస్టరూ, ఆ పాటేది?"

"అది మనది కాదమ్మా. ఇటలీ వాళ్ళది."

"ఇటలీ ఏడుంది? ఉప్పుగూడ అవతలనా?"

"ఇంకా దూరమమ్మా."

"ఎంత దూరమైతే ఏంది, తెచ్చి వాయించు!"

ఆయన వాయించలేదు. చేతులు జోడించాడు. ఆ పిల్ల పొడికళ్ళతో అత్తారింటికి పోయింది, నెలరోజులు గల్లీ అంతా అదే మాట. కార్లు కూడా మా గల్లీలో నిర్భయంగా వెనక్కి వచ్చాయి. మాస్టర్ అరుగుమీద కూర్చుని చూస్తుండేవాడు, లేచేవాడు కాదు. అది చూశాక నాకు మొదటిసారి భయం వేసింది. మనిషి వాయిద్యం మానేస్తే మళ్ళీ పట్టుకోవచ్చు. తనకు అన్నం పెట్టినవాణ్ణి అబద్ధాలకోరు అనుకుంటూ ఎన్నాళ్ళు బతుకుతాడు?

ఇంతలో మా అమ్మాయి పెళ్ళి కుదిరింది. మా ఆవిడ నన్ను కూర్చోబెట్టి ఒకే మాట అంది.

"నీ నోరు పెట్టి కడ్డీలు వంచినవ్, ఊరుకున్న. బిడ్డ పెండ్లిల నన్ను ఏడ్వనియ్యవా ఏంది? పోయి ఆ మనిషిని సక్కజెయ్యి."

ఎలా సరిచేయాలి? తప్పు తీయడం వచ్చు కానీ తీసిన తప్పును మళ్ళీ పెట్టడం నాకెవరూ నేర్పలేదు. చివరికి రైలు గేటు అవతల ఉస్తాద్ కూతురు ఉందని తెలిసి వెళ్ళాను. డెబ్భై దాటిన మనిషి. గడపలో కూర్చుని జాకెట్లకు హుక్కులు కుడుతోంది. అందరూ ఆపా అంటారు, అక్కా అని. నేనూ ఆపా అన్నాను. జరిగింది మొత్తం చెప్పాను, నా ముద్ర సంగతి కూడా.

ఆమె సూది ఆపకుండా నవ్వింది.

"అబ్బాకు మాలూమే సాబ్. గోరావోల్ల పాటలని ఆయనకు బరాబర్ మాలూమ్. ఆయన ఉస్తాద్ గూడ నేనే కట్టిన అని చెప్పిండంట. అబ్బాకు తర్వాత తెలిసింది."

"మరి ఈయనకెందుకు అబద్ధం చెప్పిండు ఆపా?"

"మా అమ్మీ గూడ గదే అడిగె. అబ్బా ఏమన్నడో తెల్సా? ఎవరిదో పాట అని చెప్తె పోరగాండ్లు నౌకరీ చేసినట్టు వాయిస్తరు. నా పాట అంటె, నా ముంగట నా పాట చెడగొట్టాల్నంటె చేతులు వణుకుతయ్. గప్పుడు మంచిగ వాయిస్తరు. గిదీ ఆయన హిసాబ్."

నేను లేవబోతుంటే ఆమె మళ్ళీ అంది. "ఇంకోటి చెప్పు మాస్టర్‌కు. ఫౌజుల అది శాదీ పాట కాదు. కవాతు అయినంక వాయిస్తుండె. నా రుఖ్సతీ నాడు, నన్ను అత్తారింటికి పంపేటప్పుడు, అబ్బా మొదటిసారి శాదీల వాయించిండు. ఇది ఇల్లు వదిలిపొయ్యే పాట అన్నడు. ఎవరు చెప్పిన్రో ఎరుకలే. వాయించలేకపొయ్యిండు, సగంల ఆగిపొయ్యిండు."

నేను అక్కడినుంచి నేరుగా మాస్టర్ ఇంటికి పోయాను. రైలు గేటు పడి ఉంటే ఆగకుండా కిందినుంచి దూరాను. అరవై నాలుగేళ్ళకు నేను చేసిన మొదటి నియమోల్లంఘన అది. అరుగుమీద ఆయన పక్కన కూర్చుని ఆపా చెప్పింది చెప్పినట్టు చెప్పాను. మాస్టర్ మొత్తం విని, "అంటే ఝూటే కదా" అన్నాడు.

"ఝూటే. కానీ మాస్టర్, ఆ పాట నిజంగానే ఇల్లు పోగొట్టుకున్నోళ్ళ పాట. పుట్టిన ఊరు వదిలి పోయినోళ్ళు దాన్ని తల్సుకోని ఏడుస్తరు. ఆ భాష ఉస్తాద్‌కు ఒక్క ముక్క రాదు. ఆయనకెట్ల తెలిసింది? తీసుకపోయి సరిగ్గ అప్పగింతల కాడ పెట్టిండు. పాట కట్టిందెవరో గానీ, దాన్ని అక్కడ పెట్టింది మాత్రం మీ ఉస్తాదే."

ఆయన కళ్ళు తుడుచుకుంటున్నాడేమోనని నేను గల్లీ వైపు చూస్తూ కూర్చున్నాను. కొంతసేపటికి అడిగాడు.

"గేటు పాటకు మతలబ్ ఏంది?"

చెప్పాను. ఆయన నోరు తెరిచాడు. ఇన్నేళ్ళుగా పళ్ళేలు పట్టుకుని ఎదురొచ్చిన అత్తగార్లందరూ వరసగా గుర్తొచ్చినట్టున్నారు. ఎంత నవ్వాడంటే కట్టుడు పళ్ళు ఊడి ఒళ్ళో పడ్డాయి. అవి చేత్తో పట్టుకుని మరీ నవ్వాడు.

మా అమ్మాయి పెళ్ళిలో వాయించాడు. ఒక షరతు పెట్టాడు. అప్పగింతలకు ముందు మైకు తీసుకుని, "గిది ఇటలీ దేశపు పెద్దమనిషి కట్టిన పాట, మా ఉస్తాద్ చేతిమీదుగ మనకొచ్చింది" అని చెప్పి, నా దగ్గర వారం రోజులు సాధన చేసిన ఆ పెద్దమనిషి పేరు కూడా తప్పు లేకుండా పలికాడు. ఎవరూ వినలేదు. వంటవాళ్ళు గిన్నెలు ఎత్తుతున్నారు, మా ఆవిడ అప్పటికే కొంగు సిద్ధం చేసుకుంది. పాట లేచినచోట ఆమె ఏడ్చింది, మేనత్తలు ఏడ్చారు. నేను ఎవరికీ కనబడకుండా పూలదండల బుట్ట వెనక ఏడ్చాను. అయినా ఆ రోజు ట్రంపెటు వాయించేవాడు రెండుచోట్ల ఆలస్యంగా అందుకున్నాడని నాకు తెలుసు. మాస్టర్‌కు ఇంకా బాగా తెలుసు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "నీ నిజం తెలిసిన కాడికెల్లి వీళ్ళ చేతులు సల్లబడ్డయ్ సాబ్. పరాయి పాటనే కదా అన్నట్టు వాయిస్తున్నరు" అన్నాడు. పెళ్ళి హడావుడిలో ఆ మాట నేను పట్టించుకోలేదు.

గల్లీలో మళ్ళీ కార్లు ఆగడం మొదలైంది. ఇప్పుడు కోరిక మారింది. రివర్స్ గేర్ వేసినవాడు ఇటలీ పెద్దమనిషి పేరు చెప్పాలి, ఆ తర్వాత ఉస్తాద్ పేరు చెప్పాలి. ఇదివరకు ఒక పేరుతో బయటపడేవాళ్ళు రెండు పేర్లతో నలిగిపోయారు. నన్ను తిట్టుకున్నారు.

ఆ రోజుల్లోనే ఒక ఆటో డ్రైవరు ఆయన దగ్గర క్లారినెట్ నేర్చుకోవడానికి వచ్చాడు. ముప్పై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, వేరే బస్తీ నుంచి వచ్చాడు. మా పాత గొడవలేవీ అతనికి తెలియవు. మధ్యాహ్నం ఆటో నీడలో పెట్టి రెండు గంటలు కూర్చునేవాడు. తలుపు మూసి నేర్పేవాడు మాస్టర్. ఏం చెప్పి నేర్పాడో నేను అడగలేదు. నాకు తట్టలేదు.

రెండు నెలల కింద ఒక ఆదివారం చర్చికి తయారవుతూ, బూట్లు వేసుకోబోయి అలాగే పక్కకు ఒరిగిపోయాడట.

సమాధుల తోటలో బ్యాండు వాళ్ళంతా ఎర్రకోట్లలో వచ్చారు. మట్టి వేసేముందు ఆటో డ్రైవరు ముందుకు వచ్చి క్లారినెట్ ఎత్తాడు. అప్పగింతల పాట. నేను ఆ పాట కొన్ని వందలసార్లు విన్నాను, మాస్టర్ దగ్గరే విన్నాను. అతను అంత బాగా వాయిస్తాడనుకోలేదు. ప్రతి స్వరాన్నీ రెండు చేతులతో పట్టుకుని, ఎక్కడ జారిపోతుందోనని వణుకుతూ వాయించాడు. ట్రంపెటు వాడు కూడా ఆ వణుకు చూసి తనను తాను సర్దుకున్నాడు.

అయిపోయాక కొత్తగా వచ్చిన పాస్టరు గారు అడిగారు.

"చాలా బాగుంది బ్రదర్. ఇది ఏ కీర్తన? నా పుస్తకంలో లేదే."

"కీర్తన కాదయ్యగారూ" అన్నాడు ఆటో డ్రైవరు, కోటు చేతితో ముఖం తుడుచుకుంటూ. "మా మాస్టర్ సొంతంగ కట్టిన పాట. నా నెత్తిమీద చెయ్యి పెట్టి చెప్పిండు. నేను కట్టిన, చెడగొట్టకు అన్నడు."

పెద్ద డ్రమ్ము ముసలాయన గబుక్కున నావైపు తిరిగాడు. ట్రంపెటు వాడు నావైపు తిరిగాడు. మాస్టర్ భార్య కూడా తలెత్తి నన్నే చూసింది. నా నోటి సంగతి ఆ తోటలో తెలియని మనిషి పాస్టరు గారు ఒక్కరే. ఆయన ఏమీ తెలియక, వయసులో పెద్దవాణ్ణని నన్నే అడిగారు.

"అవునా పెద్దాయనా? ఆయనే కట్టారా?"

"అవును అయ్యగారూ" అన్నాను. "నేను పక్కనే ఉన్న. నా కండ్ల ముంగటనే కట్టిండు."